ఉప్పులో ఫ్లోరైడ్, దాని కొలత, పళ్ళ ఆరోగ్యం: బెంగళూరులోని తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, కృష్ణరాజపురం వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది అనంతపురం, కదిరి, మదనపల్లె, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చినవారే. సొంత ఊళ్ళో నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే గారపళ్ళు చూసి పెరిగిన ఈ తల్లిదండ్రులకు ఇక్కడి దంతవైద్యులు పిల్లల పుచ్చిపళ్ళకు ఫ్లోరైడ్ మంచిదని చెప్పినప్పుడు సందేహం కలగడం సహజం. విదేశాలలో ఉప్పులోనే ఫ్లోరైడ్ కలుపుతారని విన్నప్పుడు ఆ సందేహం రెట్టింపవుతుంది. ఈ విషయంలో తరచుగా వచ్చే ప్రశ్నలకు సమాధానాలు కింద ఉన్నాయి.

మేము బెంగళూరులో కొనే ప్యాకెట్ ఉప్పులో ఫ్లోరైడ్ కలిపి ఉంటుందా?

ఉండదు. మన దేశంలో నేరుగా తినడానికి అమ్మే ఉప్పులో తప్పనిసరిగా ఉండవలసింది అయోడిన్. తయారీ స్థాయిలో 30 పీపీఎం (అంటే కిలోకు 30 మిల్లీగ్రాములు), వినియోగదారుడి చేతికి వచ్చేసరికి కనీసం 15 పీపీఎం ఉండాలన్నది నిబంధన. 2018లో వచ్చిన ఆహార పోషక బలవర్ధక నిబంధనలు ఉప్పుకు సంబంధించి అయోడిన్‌ను, ఐరన్‌ను మాత్రమే పేర్కొన్నాయి. ప్యాకెట్ వెనక సన్నని అక్షరాలలో ఉండే పదార్థాల జాబితాను ఒకసారి చదివి చూడండి. ఉప్పు, పొటాషియం అయోడేట్, గడ్డకట్టకుండా వేసే పదార్థం, ఇంతకు మించి సాధారణంగా ఏమీ కనిపించదు.

సముద్రపు ఉప్పులో సహజంగా కొంత ఫ్లోరైడ్ ఉండదా అని కొందరు అడుగుతారు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్, సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ ఫ్లోరైడ్ మొత్తం ఉప్పులోనే మిగిలిపోయిందని అనుకున్నా కిలోకు 37 మిల్లీగ్రాములు దాటదు. ఉప్పు మడిలో పంట తీసేటప్పుడు అందులో చాలా భాగం ముందే అడుగున పేరుకునే సున్నపు లవణాలతోనో, చివర మిగిలే చేదునీటితోనో పోతుంది కనుక గింజలో చిక్కేది ఇంకా స్వల్పం. పంటికి మేలుగాని కీడుగాని చేసేంత పరిమాణం కాదది.

అయితే ఉప్పులో ఫ్లోరైడ్ కలపాలన్న ఆలోచన ఎక్కడ పుట్టింది?

స్విట్జర్లాండ్‌లో. గాయిటర్ (గొంతు దగ్గర వచ్చే వాపు) నివారణకు ఉప్పులో అయోడిన్ కలిపే పనిలో అనుభవం ఉన్న హాన్స్ వెస్పీ అనే వైద్యుడు అదే దారిలో ఫ్లోరైడ్‌ను కూడా అందించవచ్చని ప్రతిపాదించగా, 1955లో జ్యూరిక్ ప్రాంతంలో అలాంటి ఉప్పు అమ్మకానికి వచ్చింది. మొదట కిలోకు 90 మిల్లీగ్రాములే కలిపారు. అది చాలదని తేలిన తరువాత 250 మిల్లీగ్రాములకు పెంచారు. తరువాతి కాలంలో ఫ్రాన్స్, జర్మనీ, జమైకా, కోస్టారికా, మెక్సికో, ఉరుగ్వే మొదలైన దేశాలు ఇదే మార్గం పట్టాయి. జమైకాలో 1987లో ఈ పద్ధతి మొదలైంది. అక్కడ 12 ఏళ్ళ పిల్లలలో పుచ్చిన, ఊడిన, పూడ్చిన పళ్ళ సగటు 1984లో 6.7 ఉండగా 1995 నాటికి సుమారు 1.1కి తగ్గింది. ఈ తగ్గుదల అంతా ఉప్పు పుణ్యమేనని అనడం తొందరపాటు అవుతుంది. ఫ్లోరైడ్ పేస్టుల వాడకం కూడా అదే కాలంలో పెరిగిందని మరిచిపోకూడదు. అయినా ఉప్పు పాత్రను కొట్టిపారేయడానికి లేదు.

కుళాయి నీటి సరఫరా అన్ని ఇళ్ళకూ లేని దేశాలకు ఈ పద్ధతి ముఖ్యంగా నచ్చింది. నీటిలో కలపాలంటే పెద్ద శుద్ధి కేంద్రాలు, గొట్టాలు కావాలి. ఉప్పుకైతే కొన్ని కర్మాగారాలను అదుపులో పెట్టుకుంటే సరిపోతుంది. పైగా కావలసినవాళ్ళు ఫ్లోరైడ్ ఉన్న ఉప్పునూ, వద్దనుకున్నవాళ్ళు లేని ఉప్పునూ కొనుక్కునే వీలు ఉంటుంది. స్విట్జర్లాండ్ దుకాణాలలో రెండు రకాలూ పక్కపక్కనే దొరుకుతాయి.

ఉప్పు మింగేదే కదా, పంటికి ఎలా పనిచేస్తుంది?

ఫ్లోరైడ్ ప్రధానంగా పంటి ఉపరితలం మీదే పనిచేస్తుందని నేడు శాస్త్రం చెబుతోంది. అన్నం తింటున్నప్పుడు లాలాజలంలో ఫ్లోరైడ్ కాసేపు పెరుగుతుంది. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని, పిండిపదార్థాన్ని ఆమ్లంగా మార్చి ఎనామెల్ (పంటి గట్టి పైపొర) నుంచి ఖనిజాన్ని కరిగించినప్పుడు, ఆ ఖనిజం తిరిగి చేరే ప్రక్రియకు ఫ్లోరైడ్ తోడ్పడుతుంది. అలా తిరిగి ఏర్పడిన పొర ఆమ్లానికి మునుపటికంటే గట్టిగా తట్టుకుంటుంది.

కిలోకు 250 మిల్లీగ్రాములు అన్న లెక్క దేనిమీద ఆధారపడింది?

మనిషి రోజుకు ఎంత ఉప్పు తింటాడన్న అంచనా మీద. కిలోకు 250 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ కలిపిన ఉప్పును రోజుకు 5 గ్రాములు తింటే 1.25 మిల్లీగ్రాములు, 10 గ్రాములు తింటే 2.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఒంట్లోకి వెళుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినమంటోంది. మనవాళ్ళు ఆవకాయ, అప్పడాలు, మజ్జిగలో ఉప్పు అన్నీ కలుపుకుంటే దాదాపు అంతకు రెట్టింపు తింటారు. అందువల్ల ఏ దేశపు అంకెను ఆ దేశపు తిండి అలవాట్లతో కలిపి చూడాలే తప్ప, ఒకచోట సరిపోయిన మోతాదును మరొకచోటికి యథాతథంగా తేవడం సరికాదు.

ఏ ఉప్పులో కలుపుతున్నారన్నది కూడా ఈ లెక్కలో భాగమే. ఇంటి వంటకు వాడే ప్యాకెట్ ఉప్పులో మాత్రమే కలిపితే, బేకరీ రొట్టె, హోటల్ భోజనం ద్వారా వెళ్ళే ఉప్పులో ఫ్లోరైడ్ ఉండదు. అన్ని రకాల ఉప్పులోనూ కలిపితే అదే 250 అంకె మనిషికి అందే మోతాదును గణనీయంగా పెంచుతుంది.

మన దేశంలో ఎందుకు కలపరు?

మన నీటిలో ఇప్పటికే చాలాచోట్ల ఎక్కువ ఉంది కనుక. ఇది బయటివాళ్ళు మనకు నేర్పిన సంగతి కాదు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు గారపట్టి, ఎముకలు దెబ్బతినే జబ్బును) మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. నల్గొండ పేరు చెబితే వంగిపోయిన వెన్నెముకలు గుర్తుకువచ్చే పరిస్థితి ఆ తరువాతిది. కర్ణాటకలో కోలారు, చిక్కబళ్ళాపురం, తుమకూరు, చిత్రదుర్గ జిల్లాలలోనూ, తమిళనాడులో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలోనూ ఇదే బాధ ఉంది. తెలుగు మాట్లాడే బాగేపల్లి, పావగడ తాలూకాలు ఈ పట్టీలోనే ఉన్నాయి. ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల కోసం చేపట్టిన హొగేనకల్ తాగునీటి పథకానికి ఫ్లోరోసిస్ నివారణ అన్న మాటను పేరులోనే చేర్చారు.

లెక్క వేసి చూడండి. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరునీటిని రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి నీటి నుంచే 4 మిల్లీగ్రాములు అందుతుంది. పనిచేసేది ఎండలో అయితే మూడు, నాలుగు లీటర్లు తాగుతాడు. ఆ నీటితోనే అన్నం, పప్పు ఉడుకుతాయి. పైన టీ. టీ మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకులో బాగా కూడబెట్టుకుంటుంది. ఇంతమంది చేతుల్లోకి వెళ్ళే ఉప్పులో మరో 2.5 మిల్లీగ్రాములు కలపడం ఏ ప్రభుత్వమూ సమర్థించుకోలేదు. ఉప్పులో కలిపే దేశాలు కూడా నీటిలో సహజంగా లీటరుకు 0.7 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఉన్న ప్రాంతాలకు ఆ ఉప్పు చేరకుండా చూడాలన్న సూత్రాన్ని పాటించాలని ప్రయత్నిస్తాయి. మన దగ్గర ఒకే ప్యాకెట్ ఉప్పు గుజరాత్‌లోనో తూత్తుకుడిలోనో బయలుదేరి, కావేరీ నీళ్ళు తాగే జయనగర్‌కూ బోరునీళ్ళు తాగే బాగేపల్లికీ ఒకే లారీలో చేరగలదు. అసలు చిక్కు అక్కడుంది. నీటి పటం చేతిలో లేకుండా ఉప్పులో ఎంత కలపాలన్న చర్చ ముందుకు సాగదని నా ఉద్దేశం.

ఫ్లోరైడ్ ఉప్పును తయారుచేసే చోట మోతాదును ఎలా అదుపులో ఉంచుతారు?

రెండు పద్ధతులున్నాయి. తడి పద్ధతిలో పొటాషియం ఫ్లోరైడ్‌ను నీటిలో కరిగించి, బెల్టు మీద కదిలే ఉప్పుపై చల్లుతారు. పొడి పద్ధతిలో సోడియం ఫ్లోరైడ్ పొడిని ఎండిన ఉప్పులో కలుపుతారు. సోడియం ఫ్లోరైడ్ బరువులో ఫ్లోరైడ్ వాటా సుమారు 45 శాతం, పొటాషియం ఫ్లోరైడ్‌లో సుమారు 33 శాతం. కాబట్టి టన్ను ఉప్పుకు 250 గ్రాముల ఫ్లోరైడ్ రావాలంటే మొదటిది సుమారు 553 గ్రాములు, రెండవది సుమారు 765 గ్రాములు పడుతుంది. వెయ్యి కిలోల ఉప్పులో అర కిలో, ముప్పావు కిలో పొడి సమానంగా చేరాలన్నమాట. పులిహోరలో ఉప్పు సరిగా కలవకపోతే ఒక ముద్ద చప్పగానూ మరో ముద్ద కటికగానూ ఉన్నట్టే, ఇక్కడా ఒక ప్యాకెట్‌లో 120, పక్క ప్యాకెట్‌లో 400 వచ్చే ప్రమాదం ఉంది.

ఆ తేడాకు కారణాలు చాలావరకు ఉప్పులోనే ఉంటాయి. గింజ ముతకగా ఉండి ఫ్లోరైడ్ పొడి మెత్తగా ఉంటే రవాణా కుదుపులకు పొడి జారి సంచి అడుగుకు చేరుతుంది. ఉప్పులో తేమ ఎక్కువైతే కరిగిన పొటాషియం ఫ్లోరైడ్ ఆ తేమతోపాటే కిందికి దిగుతుంది. శుద్ధి సరిగా జరగని ఉప్పులో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌లో కొంత కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా మారి పంటికి అక్కరకు రాకుండా పోతుంది. అందుకే ఈ పని ఎండబెట్టి, కడిగి, ఒకే సైజుకు తెచ్చిన ఉప్పుతో మాత్రమే సాఫీగా సాగుతుంది. అయోడిన్‌తో మరో ఇబ్బంది ఉంది. అది ఎండకు, తేమకు నెమ్మదిగా తగ్గిపోతుంది. ఫ్లోరైడ్ అలా ఎగిరిపోదు, కానీ చోటు మారుతుంది. కనుక ఫ్లోరైడ్ విషయంలో ప్యాకెట్ వయసు కంటే నమూనా ఎక్కడి నుంచి తీశారన్నదే కొలతను ఎక్కువగా మారుస్తుంది.

లాటిన్ అమెరికా దేశాలలో సాధారణంగా 250కి అటూ ఇటూ కొంత తేడాను అనుమతిస్తారు. ఉదాహరణకు మెక్సికోలో 50 వరకు. కర్మాగారంలో రోజూ, దుకాణాలలో అప్పుడప్పుడూ నమూనాలు తీసి పరీక్షించడం వాడుక. నా దృష్టిలో దుకాణం నమూనాకే ఎక్కువ విలువ ఇవ్వాలి, ఎందుకంటే ఇంటికి వచ్చేది అదే.

ప్రయోగశాలలో ఉప్పులోని ఫ్లోరైడ్‌ను ఎలా కొలుస్తారు?

ఎక్కువగా వాడేది ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్. 1966లో వెలువడిన ఈ పరికరం కొనలో లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది. అది ద్రావణంలోని ఫ్లోరైడ్ అయాన్లకు మాత్రమే చక్కగా స్పందించి, వాటి పరిమాణాన్ని మిల్లీవోల్టులలో చూపుతుంది. ఫ్లోరైడ్ పది రెట్లు పెరిగితే 25 డిగ్రీల దగ్గర ఆ అంకె సుమారు 59 మిల్లీవోల్టులు మారాలి. మారకపోతే ఆ ఎలక్ట్రోడ్‌ను నమ్మరు.

చేసే విధానం చూడటానికి తేలికగానే ఉంటుంది. ఉప్పును బాగా కలిపి, 10 గ్రాములు తూచి, ఒక లీటరు స్వేదనజలంలో కరిగిస్తారు. ఉప్పులో కిలోకు 250 మిల్లీగ్రాములు ఉంటే ఈ ద్రావణంలో లీటరుకు 2.5 మిల్లీగ్రాములు వస్తుంది. దీనికి టిసాబ్ అనే బఫర్‌ను చేరుస్తారు. అది ద్రావణం పీహెచ్‌ను 5 నుంచి 5.5 మధ్య నిలుపుతుంది. పీహెచ్ అంతకంటే తగ్గితే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో జతకట్టి ఎలక్ట్రోడ్‌కు కనిపించకుండా పోతుంది, బాగా పెరిగితే హైడ్రాక్సైడ్‌ను కూడా ఎలక్ట్రోడ్ ఫ్లోరైడ్‌గానే లెక్కిస్తుంది. అల్యూమినియం, ఇనుము పట్టి ఉంచిన ఫ్లోరైడ్‌ను విడిపించే పదార్థం కూడా ఆ బఫర్‌లోనే ఉంటుంది. పాత్రలు గాజువి కాకుండా ప్లాస్టిక్‌వి వాడతారు. కలిపే యంత్రం వేడెక్కి ద్రావణపు ఉష్ణోగ్రత మారకుండా దాని కింద ఒక అట్టముక్కో థర్మోకోల్ ముక్కో పెట్టడం అనుభవజ్ఞులు పాటించే చిన్న జాగ్రత్త. అంకె వెంటనే నిలవదు. నెమ్మదిగా జరుగుతూ ఒకచోట ఆగేదాకా ఓపిక పట్టాలి.

అన్నింటికంటే తరచుగా తప్పు జరిగే చోటు పోలిక ద్రావణాలు. మంచినీటికి తయారుచేసిన ప్రామాణిక ద్రావణాలతో ఉప్పునీటిని పోల్చితే ఫలితం పక్కదారి పడుతుంది. నమూనాలో ఉన్నంత శుద్ధ సోడియం క్లోరైడ్‌ను ప్రామాణిక ద్రావణాలలో కూడా కలపాలి. నీటి పరీక్షలకు వాడే రంగు పద్ధతులలో క్లోరైడ్ ఎక్కువైతే అడ్డు తగులుతుంది కనుక ఉప్పుకు అవి అంతగా నప్పవు.

ఇంట్లో ఏదైనా కిట్‌తో ఉప్పును పరీక్షించుకోవచ్చా?

ఉప్పుకు వద్దు. బజారులో దొరికే కిట్లు తాగునీటికి ఉద్దేశించినవి. పైగా ఫ్లోరైడ్ కలపని ఉప్పును పరీక్షించి మీరు తెలుసుకునేది ఏమీ ఉండదు.

మోతాదు సరిగానే ఉందని మనుషులలో ఎలా తెలుసుకుంటారు?

ఉప్పు ప్యాకెట్‌లో ఉన్నది ఒకటి, ఒంట్లోకి వెళ్ళింది మరొకటి. కాబట్టి ఈ పథకాలు నడిపే దేశాలు పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్‌ను కొలుస్తాయి. వీలైతే 24 గంటల మూత్రాన్ని సేకరిస్తారు. పథకం మొదలుకాక ముందు ఒకసారి, తరువాత కొంతకాలానికోసారి కొలిస్తే మార్పు తెలుస్తుంది. పళ్ళను నేరుగా పరిశీలించి, పుచ్చినవాటిని, ఫ్లోరోసిస్ మచ్చలను విడివిడిగా నమోదు చేయడం ఇంకొక పద్ధతి. దీని ఫలితం రావడానికి ఏళ్ళు పడుతుంది, ఎందుకంటే నేడు ఎక్కువైన ఫ్లోరైడ్ గుర్తులు రేపు మొలిచే పళ్ళమీద కనిపిస్తాయి.

కల్లుప్పు, నల్ల ఉప్పు వాడితే తేడా ఉంటుందా?

కల్లుప్పుకూ సన్న ఉప్పుకూ ఫ్లోరైడ్ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కొనేది అయోడిన్ ఉన్నదేనా అని మాత్రం చూసుకోవాలి. నల్ల ఉప్పు సంగతి వేరు. అందులో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండవచ్చని మన దేశపు ఫ్లోరోసిస్ నిపుణులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. ఫ్లోరోసిస్ ఉన్నవారు, బోరునీటి మీద ఆధారపడినవారు చాట్ మసాలాలను, నల్ల ఉప్పు వేసిన చూర్ణాలను తగ్గించడం మంచిది.

జర్మనీలో ఉన్న మా అబ్బాయి ఫ్లోరైడ్ ఉప్పు తెచ్చాడు. వాడవచ్చా?

మీ ఇంటి తాగునీటిని బట్టి ఉంటుంది. కావేరీ నీళ్ళో ఆర్‌ఓ నీళ్ళో తాగుతూ, ఉప్పు మితంగా తినే పెద్దవాళ్ళకు ఆ ఒక్క ప్యాకెట్ హాని చేయదు. బోరునీళ్ళు తాగేవారు వాడకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో నేను సలహా ఇవ్వను. అమెరికా వైద్య సంస్థ 1997లో నిర్ణయించిన రోజువారీ గరిష్ఠ పరిమితి 1 నుంచి 3 ఏళ్ళ పిల్లలకు 1.3 మిల్లీగ్రాములు, 4 నుంచి 8 ఏళ్ళవారికి 2.2 మిల్లీగ్రాములే. మింగే పేస్టు కూడా అందులోకే వస్తుంది. పళ్ళకు మంచిదని ఉప్పు ఎక్కువ తినడం మాత్రం ఎవరికీ తగదు. రక్తపోటు దానికోసమే ఎదురుచూస్తుంటుంది.

బెంగళూరులో మేము ఏ నీటిని పరీక్షించుకోవాలి?

ఈ పేజీలో మీకు నేరుగా పనికివచ్చే ప్రశ్న ఇదే. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతి ఉంది. కావేరీ నీటిలో ఇది సాధారణంగా 1 కంటే బాగా తక్కువ. 2024 అక్టోబరులో కావేరీ ఐదవ దశ ప్రారంభమై శివారులోని 110 గ్రామాలకు నీళ్ళు అందించే ఏర్పాటు జరిగినా, చాలా అపార్ట్‌మెంట్లలో కావేరీ, బోరు, ట్యాంకరు నీళ్ళు ఒకే సంపులో కలుస్తున్నాయి. వేసవిలో ట్యాంకరు ఏ బోరు నుంచి నింపుకువస్తుందో డ్రైవరుకు తప్ప తెలియదు. అందువల్ల సంపు నీటిని ఏడాదికి రెండుసార్లు, ఒకటి ఎండాకాలం చివర, ఒకటి వానల తరువాత, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపడం మేలు. నమూనాను శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పంపాలి.

అపార్ట్‌మెంట్ సంఘాలలో టీడీఎస్ మీటరు పెట్టి 300 చూపిస్తే నీళ్ళు బాగున్నాయని తేల్చేస్తారు. ఆ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందే తప్ప అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. టీడీఎస్ 300 ఉన్న నీటిలో ఫ్లోరైడ్ 2 ఉండవచ్చు, 1200 ఉన్న నీటిలో 0.5 ఉండవచ్చు.

నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందా? ఆర్‌ఓ సరిపోతుందా?

మరిగిస్తే పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. ఆర్‌ఓ పొర చాలావరకు తొలగిస్తుంది. అయితే చాలా యంత్రాలలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పితే ఆర్‌ఓ పొరగుండా వెళ్ళని నీరు కొంత వచ్చి శుద్ధి అయిన నీటిలో కలుస్తుంది. ఆ నీటితోపాటు ఫ్లోరైడ్ కూడా వస్తుంది. బోరునీరు వాడే ఇళ్ళలో సర్వీసు మనిషి వచ్చినప్పుడు ఆ మరను పూర్తిగా మూయించి, గ్లాసులోకి వచ్చే నీటినే పరీక్షకు పంపండి. కరెంటు లేని పల్లెల కోసం పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తేర్చే నల్గొండ పద్ధతి మన దేశంలోనే నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించినది. పటిక మోతాదును నీటిని బట్టి నిర్ణయించాలి కనుక ఇంట్లో ఉజ్జాయింపుగా చేయడం మంచిది కాదు.

పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు వాడాలా, మానాలా?

కావేరీ నీళ్ళు తాగే ఇళ్ళలో వాడాలి. తీపి తిండి, బిస్కెట్లు, రాత్రి పాలసీసా కలిసి పళ్ళను పుచ్చిపోయేలా చేసే ఈ నగరంలో ఉప్పు ద్వారా రాని ఫ్లోరైడ్‌ను పేస్టు ద్వారా పొందడమే తేలిక, కొలతకూ అందుతుంది. మన చట్టం ప్రకారం పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు, ఎంత ఉందో ట్యూబు మీద, డబ్బా మీద రాయాలి. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళవారికి బఠాణీ గింజంత చాలు. బియ్యపు గింజంత పేస్టు మొత్తం మింగినా సుమారు 0.1 మిల్లీగ్రామే వెళుతుంది. ప్రకటనలలో చూపినట్టు బ్రష్ నిండా పెట్టి, తియ్యగా ఉందని పిల్లవాడు మింగుతుంటే ఊరుకుంటే లెక్క మారిపోతుంది. బోరునీటిలో 1.5 కంటే ఎక్కువ ఉన్న ఇళ్ళలో ముందు నీటిని మార్చి, పేస్టు సంగతి దంతవైద్యులను అడగాలి.

పిల్లవాడి పళ్ళమీద తెల్లమచ్చలున్నాయి. ఫ్లోరోసిసా, పుచ్చు మొదలా?

ఫ్లోరోసిస్ మచ్చలు ఎడమ, కుడి పళ్ళమీద ఒకే తీరుగా, సుద్దగీతల్లా అడ్డంగా ఉంటాయి. పుచ్చు మొదలైతే తెల్లమచ్చ ఎక్కువగా చిగుళ్ళ అంచున, పాచి పట్టే చోట, ఒకటి రెండు పళ్ళకే కనిపిస్తుంది. పంటి ఎనామెల్ రూపుదిద్దుకునే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళలోపు, ఎక్కువ ఫ్లోరైడ్ అందితేనే పళ్ళకు ఫ్లోరోసిస్ వస్తుంది. కనుక దంతవైద్యుల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇప్పటి చిరునామాతోపాటు పిల్లవాడు ఎనిమిదేళ్ళ వరకు ఎక్కడ పెరిగాడో, అమ్మమ్మగారి ఊళ్ళో ఎన్ని సెలవులు ఏ నీళ్ళు తాగాడో చెప్పండి. నీటి పరీక్ష నివేదిక ఉంటే వెంట తీసుకువెళ్ళండి.